మన ఎంపీ సభలో మాట్లాడితే ఏమవుతుంది? ఓరుగల్లు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు పాలిటీ చెబుతుంటాను. క్లాసు అయిపోయాక పిల్లల కంటే వాళ్లను తీసుకెళ్లడానికి వచ్చిన నాయనలు, బాబాయిలే ఎక్కువ ప్రశ్నలు అడుగుతారు. పార్లమెంటు సమావేశాలు మొదలైనప్పుడల్లా అవే ప్రశ్నలు మళ్లీ వస్తాయి. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ పార్టీ వాళ్లు చదివినా పనికి రావాలన్నదే నా కోరిక.

పేపర్లో "పార్లమెంటులో గళమెత్తిన ఎంపీ" అని వస్తుంది. అసలు అక్కడ ఏం జరిగినట్టు?

ఆ ఒక్క హెడ్డింగు కింద ఐదారు రకాల పనులు ఉండొచ్చు. ఎంపీ ప్రశ్న వేసి ఉండొచ్చు. జీరో అవర్‌లో ఒకటి రెండు నిమిషాలు మాట్లాడి ఉండొచ్చు. 377 నిబంధన కింద రాసిచ్చి ఉండొచ్చు. బడ్జెట్ మీదో, బిల్లు మీదో జరిగిన చర్చలో మన ఊరి పేరు ఎత్తి ఉండొచ్చు. ఇంకొకటి కూడా ఉంది: సభతో సంబంధం లేకుండా మంత్రిని కలిసి వినతిపత్రం ఇచ్చి ఫొటో దిగడం. అదీ పనికొచ్చేదే, చాలా పనులు అక్కడే కదులుతాయి. కానీ అది సభ రికార్డులోకి ఎక్కదు. రేపు ఎవరైనా "అప్పుడు మీరు ఇలా అన్నారు కదా" అని అడగడానికి చేతిలో కాగితం ఉండదు. అందుకే వార్త చదవగానే నేను ముందు రెండు చూస్తాను: ఏ పద్ధతిలో అడిగారు, జవాబు వచ్చిందా.

స్టార్ గుర్తు ప్రశ్న, స్టార్ లేని ప్రశ్న అంటారు. తేడా ఏంటి?

స్టార్ ఉంటే మంత్రి లేచి నిలబడి నోటితో చెప్పాలి. దాని మీద ఎంపీ అక్కడికక్కడే అనుబంధ ప్రశ్న వేయొచ్చు. లోక్‌సభలో రోజుకు 20 స్టార్ ప్రశ్నలు లిస్టులో ఉంటాయి. ఉదయం 11 నుంచి 12 వరకు ఉండే గంటలో ఐదారు దాటకుండానే టైం అయిపోయే రోజులే ఎక్కువ. సభలో గొడవ జరిగితే అవీ ఉండవు. మిగిలిన వాటికి రాతపూర్వక జవాబే వస్తుంది.

స్టార్ లేనివి రోజుకు 230. వీటికి జవాబు రాతలోనే. మన వాళ్లు వీటిని తక్కువగా చూస్తారు, టీవీలో కనిపించవు కాబట్టి. నా మటుకు నాకు వీటి మీదే గురి. ఎందుకంటే రాతలో ఇచ్చే జవాబులో అంకెలుంటాయి, తేదీలుంటాయి, జిల్లాల వారీ పట్టికలుంటాయి. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఏవి రావాలో లాటరీలో తేలుతుంది. అంటే ఎంపీ ఎంత చురుగ్గా ఉన్నా ఆ రోజు అదృష్టం కూడా కలిసి రావాలి.

మరి జీరో అవర్, 377?

జీరో అవర్ అనే మాట లోక్‌సభ నిబంధనల పుస్తకంలో లేదు, వాడుకలో స్థిరపడింది. అత్యవసరమైన సంగతి చెప్పుకోవడానికి. మంత్రి వెంటనే జవాబు చెప్పి తీరాలని లేదు. 377 కింద ఇచ్చేది 250 మాటలు దాటకూడదు. చాలాసార్లు చదవకుండానే సభ ముందు ఉంచినట్టు నమోదు చేస్తారు. తర్వాత శాఖ నుంచి ఎంపీకి ఉత్తరం వస్తుంది. ఆ ఉత్తరం మన దాకా రాదు, అడిగి తెచ్చుకోవాలి. రాజ్యసభలో ఇలాంటిదే "ప్రత్యేక ప్రస్తావన".

మా గల్లీలో డ్రైనేజీ పొంగుతోంది. ఎంపీని పార్లమెంటులో అడగమని చెప్పొచ్చా?

చెప్పొచ్చు కానీ అక్కడ పని కాదు. డ్రైనేజీ కార్పొరేషన్‌ది. పోలీసు, భూమి, ఆస్పత్రి, సాగునీరు రాష్ట్రానివి. రైల్వే, జాతీయ రహదారులు, విమానాశ్రయాలు, కేంద్ర విశ్వవిద్యాలయాలు, నిట్ లాంటివి కేంద్రానివి. చదువు 1976 నుంచి ఇద్దరిదీ. తప్పు గుమ్మం తడితే "ఇది రాష్ట్ర పరిధిలోని అంశం" అని ఒక్క ముక్కలో జవాబు వచ్చేస్తుంది. ఆరు నెలలు వృథా.

అసలు చిక్కు సగం ఇక్కడ, సగం అక్కడ ఉన్న పనులతో. వరంగల్ పక్కనున్న మామునూరు విమానాశ్రయమే చూడండి. నిజాం కాలం నాటి ఎయిర్‌పోర్టు. 1981 దాకా విమానాలు దిగాయి, ఆ తర్వాత గడ్డి మొలిచింది. ఎన్ని సభల్లో, ఎంతమంది ఎంపీలు దాని పేరు ఎత్తారో! కానీ తాళం ఒక్కచోట లేదు. విమానాశ్రయానికి అనుమతి కేంద్రం ఇవ్వాలి. భూమి రాష్ట్రం సేకరించి ఇవ్వాలి. ఈ రెండూ ఉన్నా, శంషాబాద్ విమానాశ్రయానికి 2004లో చేసుకున్న ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు ఇంకోటి రాకూడదన్న షరతు ఉంది. ఆ నిర్వాహక సంస్థ అభ్యంతరం లేదని చెప్పాల్సి వచ్చింది. 2024 నవంబరులో రాష్ట్రం 253 ఎకరాల సేకరణకు 205 కోట్లు మంజూరు చేసింది. 2025 ఫిబ్రవరి 28న కేంద్రం పచ్చజెండా ఊపింది. "మామునూరు ఎప్పుడు?" అని అడిగిన ప్రశ్నకూ, "150 కిలోమీటర్ల షరతు సడలించమని సంస్థకు రాశారా, రాస్తే ఏ తేదీన?" అని అడిగిన ప్రశ్నకూ ఎంత దూరమో చూడండి. మొదటిదానికి "పరిశీలనలో ఉంది" అని చెప్పి తప్పుకోవచ్చు. రెండోదానికి తేదీ చెప్పాల్సిందే, లేదా రాయలేదని ఒప్పుకోవాల్సిందే.

పత్తి ధర మా ఊరి సమస్య. దీన్ని దేశ సమస్యగా ఎలా చూపిస్తారు?

నన్ను అడిగితే ఎంపీ పనిలో అన్నిటికంటే కష్టమైంది, విలువైంది ఇదే.

నవంబరు పొద్దున కొనుగోలు కేంద్రం దగ్గర నిలబడండి. ట్రాక్టర్ల లైను రోడ్డు దాకా ఉంటుంది. ఒకతను తేమ మీటరు పట్టుకుని వచ్చి దాని కడ్డీని పత్తిలోకి గుచ్చుతాడు. రైతు పత్తిని చూడడు, ఆ చిన్న తెర మీద అంకెనే చూస్తుంటాడు. 8 ఉంటే పూర్తి మద్దతు ధర. 12 దాకా అయితే తేమను బట్టి కోత. 12 దాటితే కేంద్రం తరఫున పత్తి కొనే సంస్థ సీసీఐ (భారత పత్తి సంస్థ) తీసుకోదు. 14 అని పడిందంటే ఆయన ముఖం చూడలేం. ట్రాక్టరు కిరాయి మీద పడుతుంది, బండి తిప్పి ప్రైవేటు వ్యాపారి దగ్గరికి పోవాలి. 2025-26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. ఆ ధర ఆయనకు కాగితం మీదే.

2025 అక్టోబరు చివర, సరిగ్గా పత్తి ఏరే రోజుల్లో మొంథా తుపాను వచ్చింది. వరంగల్, హనుమకొండ నీళ్లలో మునిగాయి. చేలో పత్తి తడిస్తే 12 ఎక్కడ, 8 ఎక్కడ? అదే ఏడాది ఆగస్టు 19 నుంచి విదేశీ పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని కేంద్రం తీసేసింది, డిసెంబరు ఆఖరు దాకా పొడిగించింది. అంటే మన పంట మార్కెట్‌కు వచ్చే నెలలే.

ఇప్పుడు ఆ ఒక్క పత్తి బస్తాలో ఎన్ని శాఖలున్నాయో లెక్కపెట్టండి. కొనే సీసీఐ జౌళి శాఖ కింద. మద్దతు ధర వ్యవసాయ శాఖ. సుంకం ఆర్థిక శాఖ. ప్రశ్న ఏదో ఒక్క శాఖకే వెళ్తుంది. "పత్తి రైతులను ఆదుకోండి" అని వ్యవసాయ శాఖకు రాస్తే, వాళ్లు మద్దతు ధర ఎన్నేళ్లుగా ఎంత పెరిగిందో పట్టిక వేసి పంపుతారు. తేమ మాట ఉండదు, సుంకం మాట ఉండదు. తేమ సంగతి జౌళి శాఖను అడగాలి: తుపాను తగిలిన జిల్లాల్లో 12 శాతం పరిమితి సడలించారా, తెలంగాణలో తేమ కారణంగా ఎన్ని క్వింటాళ్లు తిప్పి పంపారు? సుంకం సంగతి ఆర్థిక శాఖను అడగాలి: ఎత్తేసిన నెలల్లో దిగుమతి ఎంత పెరిగింది? ఈ సుంకం ప్రశ్న పరకాల రైతుకు ఎంత పనికొస్తుందో విదర్భ రైతుకూ, గుజరాత్ రైతుకూ అంతే. అప్పుడు వేరే రాష్ట్రాల ఎంపీలు కూడా గొంతు కలుపుతారు. స్థానిక సమస్య దేశ సమస్య అయ్యేది అలాగే.

మిర్చికి మద్దతు ధర ఎందుకు అడగరు?

అడుగుతూనే ఉన్నారు. కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో మిర్చి లేదు, పసుపూ లేదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో తేజ రకం మిర్చి ధర పడిపోయిన రోజున కేంద్రం చేయగలిగేది మార్కెట్ జోక్య పథకం. అది రాష్ట్ర ప్రభుత్వం కోరితేనే వస్తుంది, నష్టం చెరి సగం భరించాలి. కాబట్టి ఎంపీ అడగాల్సిన ప్రశ్న: "తెలంగాణ నుంచి ఈ ఏడాది ప్రతిపాదన వచ్చిందా? వస్తే ఏం చేశారు?" ఆ జవాబుతో ఆలస్యం హైదరాబాద్‌లో జరిగిందో ఢిల్లీలో జరిగిందో తేలిపోతుంది.

ఒకసారి అడిగితే అయిపోతుందా? ఎన్నేళ్లు అడగాలి?

మన ప్రాంతంలోనే రెండు ఉదాహరణలున్నాయి. 2014 రాష్ట్ర విభజన చట్టంలో 13వ షెడ్యూలు తీసి చదవండి. గిరిజన విశ్వవిద్యాలయం గురించి కేంద్రం "ఏర్పాటు చేస్తుంది" అన్న అర్థంలో రాశారు. రైల్వే కోచ్ ఫ్యాక్టరీ గురించి మాత్రం ఆరు నెలల్లో "పరిశీలించి" త్వరగా నిర్ణయం తీసుకోవాలన్నారు. బయ్యారంతో ముడిపడిన ఉక్కు కర్మాగారం కూడా "సాధ్యాసాధ్యాల పరిశీలన"కే పరిమితం. రాష్ట్రం వచ్చిన సంబరంలో ఈ క్రియాపదాల తేడా మనలో చాలామందికి కనిపించలేదు. నాకూ కనిపించలేదు.

"ఏర్పాటు చేస్తుంది" అని ఉన్న విశ్వవిద్యాలయానికే తొమ్మిదేళ్లు పట్టింది. 2023 డిసెంబరు 7న లోక్‌సభ, 13న రాజ్యసభ కేంద్రీయ విశ్వవిద్యాలయాల సవరణ బిల్లును ఆమోదించాయి. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం, 889 కోట్ల అంచనా వ్యయంతో. ఆ తొమ్మిదేళ్లూ ఎంపీలు చేతిలో చట్టం పట్టుకుని "ఇది మీరు రాసిందే" అని అడగగలిగారు.

"పరిశీలిస్తుంది" అని ఉన్న కాజీపేట సంగతి వేరు. 1980ల్లో కాజీపేటకు వస్తుందనుకున్న కోచ్ ఫ్యాక్టరీ పంజాబ్‌లోని కపుర్తలాకు వెళ్లిందన్న బాధ ఇక్కడ మూడు తరాల రైల్వే కుటుంబాల్లో ఉంది. విభజన చట్టం తర్వాత కూడా పరిశీలించామని చెప్పడంతోనే ఏళ్లు గడిచాయి. చివరికి 2023 జులై 8న వ్యాగన్ల తయారీ యూనిట్‌కు ప్రధాని వరంగల్‌లో శంకుస్థాపన చేశారు. కోచ్ అడిగితే వ్యాగన్ అన్న అసంతృప్తి ఉన్నా, నలభై ఏళ్లు ఆ పేరు సభ రికార్డులో చచ్చిపోకుండా బతికించిన వాళ్లకు నేను దండం పెడతాను. పార్టీ ఏదైనా సరే.

తెలుగులో మాట్లాడొచ్చా? మా వాళ్లకు హిందీ, ఇంగ్లిషు రావని ఎగతాళి చేస్తుంటారు.

మాట్లాడొచ్చు. హిందీ, ఇంగ్లిషు రాని సభ్యులు మాతృభాషలో మాట్లాడేందుకు 120వ అధికరణ అవకాశం ఇస్తుంది. తెలుగు ప్రసంగాన్ని అప్పటికప్పుడు అనువదించే వాళ్లున్నారు, మంత్రి ఇయర్‌ఫోన్‌లో వింటారు. ముందుగా చెప్పాలి, అంతే. రాతపూర్వక ప్రశ్నలు మాత్రం హిందీలోనో ఇంగ్లిషులోనో ఇవ్వాలి. ఎన్నో భాషలు వచ్చిన పీవీ నరసింహారావు గారు 1977లో, 1980లో హనుమకొండ నుంచే లోక్‌సభకు వెళ్లారు. ఆయన పాండిత్యం అందరికీ ఉండదు, ఉండనక్కరలేదు. పత్తి రైతు బాధ తెలుగులో చెబితే తక్కువ బాధ అవుతుందా?

ఎంపీకి మాట్లాడే టైం ఎవరిస్తారు?

పెద్ద చర్చల్లో పార్టీ బలాన్ని బట్టి నిమిషాలు పంచుతారు. ఆ నిమిషాల్లో ఎవరు మాట్లాడాలో పార్టీ నిర్ణయిస్తుంది. 1984 ఎన్నికల్లో బీజేపీకి దేశం మొత్తం మీద ఇద్దరే లోక్‌సభ ఎంపీలు. అందులో ఒకరు పీవీ మీద హనుమకొండలో గెలిచిన చందుపట్ల జంగారెడ్డి గారు. ఐదు వందల మందికి పైగా ఉన్న సభలో ఇద్దరున్న పార్టీకి ఎంత టైం వస్తుందో ఊహించుకోండి. అందుకే చిన్న పార్టీల ఎంపీలకు ప్రశ్నలు, జీరో అవర్ ప్రాణాధారం. అక్కడ లాటరీకి పార్టీ తెలియదు.

"చూస్తాం", "పరిశీలిస్తాం" అని మంత్రి అంటే నమ్మొచ్చా?

నమ్మడం, నమ్మకపోవడం పక్కన పెట్టండి. దాన్ని పట్టుకోవడానికి సభలో ఒక కమిటీ ఉంది: ప్రభుత్వ హామీల కమిటీ. మంత్రి సభలో "సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాం" అన్నా, "పరిశీలిస్తాం" అన్నా అది హామీ కింద నమోదవుతుంది. మూడు నెలల్లో నెరవేర్చాలి, లేదా గడువు అడగాలి. ఇది చాలామందికి తెలియదు, కొందరు నాయకులకూ గుర్తుండదు. మీ ఊరి మీద వచ్చిన జవాబులో ఆ మాట ఉంటే తేదీ రాసుకోండి. మూడు నెలల తర్వాత ఎంపీ ఆఫీసుకు వెళ్లి "సార్, మన హామీ ఏమైంది?" అని అడగండి.

ఎంపీకి ఎలా రాస్తే పని అవుతుంది?

పోయిన సంవత్సరం నా దగ్గర చదివే ఒక అమ్మాయి వాళ్ల నాయన వినతిపత్రం తెచ్చి చూపించారు. రెండు పేజీలు. మొదటి పేజీ అంతా "గౌరవనీయులు, ప్రజాబంధు, అభివృద్ధి ప్రదాత". రెండో పేజీ చివర "మా స్టేషన్‌లో రైలు ఆపగలరు". ఏ రైలో లేదు, ఏ స్టేషనో స్టాంపును బట్టి తెలుసుకోవాలి.

ఇద్దరం కూర్చుని మళ్లీ రాశాం. మొదటి వాక్యంలోనే రైలు నంబరు, అది మా స్టేషన్ దాటే టైం. కరోనాకు ముందు ఆగేది, తర్వాత ఆగడం లేదు. ముందు స్టేషన్‌కు ఎన్ని కిలోమీటర్లు, వెనక స్టేషన్‌కు ఎన్ని. రోజూ వరంగల్ వెళ్లే కాలేజీ పిల్లలు, కూలీలు, పాలవాళ్లు ఎంతమంది. దీనికి ఆయన వారం రోజులు పొద్దున్నే ప్లాట్‌ఫారం మీద నిలబడి నోటుబుక్కులో గీతలు గీసి లెక్కపెట్టారు. ఆ పేజీల జిరాక్సు కూడా జత చేశాం. చివర ఒకే ఒక్క కోరిక, ఒకే ఒక్క ప్రశ్న. మొత్తం ముప్పావు పేజీ.

అది స్టార్ లేని ప్రశ్నగా వెళ్లింది. రైలు ఇంకా ఆగలేదు. కానీ జవాబులో ఏ ప్రాతిపదికన స్టాపులు ఇస్తారో, ప్రయాణికుల రద్దీని ఎలా చూస్తారో వచ్చింది. ఆయన ఇప్పుడు టికెట్ల అమ్మకం అంకెలు సమాచార హక్కు కింద తీస్తున్నారు.

ఎంపీకి ఏటా 5 కోట్లు వస్తాయి కదా, సభలో అడగడం ఎందుకు, ఆ డబ్బుతో చేయొచ్చుగా?

ఆ పథకం పీవీ గారు ప్రధానిగా ఉండగా 1993 డిసెంబరు 23న మొదలైంది. ఎంపీ పని సిఫారసు చేస్తారు, జిల్లా యంత్రాంగం చేయిస్తుంది. అందులో 15 శాతం ఎస్సీ, 7.5 శాతం ఎస్టీ ప్రాంతాలకు. ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలకు 5 కోట్లు పంచితే ఒక్కోదానికి కోటి కూడా రాదు. కమ్యూనిటీ హాలు, తాగునీటి ట్యాంకు దాకా సరిపోతుంది. రైల్వే లైను దానితో రాదు.

ఎక్కువ ప్రశ్నలు వేసిన ఎంపీయే మంచి ఎంపీనా?

లెక్క ఒక్కటే చూసి అనుకోకూడదు. మంత్రిగా ఉన్నవాళ్లు ప్రశ్నలు వేయరు, వాళ్ల లెక్క సున్నా ఉంటుంది. కొందరి పేరు మీద వందల ప్రశ్నలుంటాయి, తెరిచి చూస్తే మన జిల్లా పేరు పదింటిలో కూడా ఉండదు. నేను చూసేది ఒక విషయం మీద మళ్లీ మళ్లీ వెళ్లారా అని. మొదటి జవాబులోని మాటను పట్టుకుని రెండో ప్రశ్న, రెండో జవాబును పట్టుకుని చర్చలో ప్రస్తావన. అలా ఒకే సమస్యను మూడు సమావేశాలు వదలకుండా పట్టుకున్న ఎంపీ ఉంటే ఆ నియోజకవర్గం అదృష్టం చేసుకుంది. శాఖల పనిని, బిల్లులను పరిశీలించే స్టాండింగ్ కమిటీల్లో చేసే పని కెమెరాకు దొరకదు, అదీ గుర్తుంచుకోవాలి.

ఎవరూ వినకపోతే?

2019లో నిజామాబాద్ పసుపు రైతులు ఏం చేశారో మీకు గుర్తుండే ఉంటుంది. పసుపు బోర్డు, మద్దతు ధర కోసం 178 మంది రైతులు లోక్‌సభకు నామినేషన్ వేసి బరిలో నిలిచారు. మొత్తం 185 మంది అభ్యర్థులు, ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 ఈవీఎం బ్యాలెట్ యూనిట్లు. దేశమంతా పసుపు గురించి మాట్లాడింది. ఆ తర్వాత ఆరేళ్లకు, 2025 జనవరి 14న, నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైంది. మద్దతు ధర ఇంకా రాలేదు. ఆ రైతులు గెలవలేదు, కానీ తర్వాత ఎవరు గెలిచినా పసుపు మాట ఎత్తకుండా సభలో కూర్చోలేని పరిస్థితి తెచ్చారు.

రాజ్యసభ ఎంపీకి మా ఊరితో ఏం సంబంధం?

తెలంగాణ నుంచి రాజ్యసభలో ఏడుగురున్నారు. వాళ్లకు నియోజకవర్గం రాష్ట్రమంతా. లోక్‌సభలో మన ప్రశ్న లాటరీలో తగలకపోతే అదే కాగితం వాళ్లకూ పంపండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

మా ఎంపీ ఏం అడిగారో నేను ఎక్కడ చూడాలి?

సభ లైవ్ సంసద్ టీవీలో వస్తుంది. ప్రశ్నలు, జవాబులు పార్లమెంటు వెబ్‌సైట్‌లో సభ్యుల పేరుతో వెతకొచ్చు. శాఖ, తేదీ, విషయం పెట్టి కూడా దొరుకుతాయి. "వరంగల్", "కాజీపేట" అని ఇంగ్లిషు అక్షరాల్లో టైప్ చేయండి. కాజీపేటను రెండు మూడు రకాల స్పెల్లింగులతో వెతకాలి, ఒక దానితో రానిది ఇంకోదానితో వస్తుంది. ఫోన్‌లో తెరుచుకోకపోతే మీ ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలకు చెప్పండి, పది నిమిషాల పని. జవాబు పీడీఎఫ్‌లో ముందు ప్రశ్న చదవండి, (ఎ), (బి), (సి) అని భాగాలుంటాయి. తర్వాత జవాబులో "(ఎ) నుంచి (సి)" అని అన్నీ కలిపి ఒకే పేరాలో చెప్పారా, విడివిడిగా చెప్పారా చూడండి. కలిపి చెప్పిన చోట ఏదో ఒక భాగానికి జవాబు మిగిలిపోయి ఉంటుంది. అది పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, వచ్చే సమావేశాలకు నెల ముందే ఎంపీ ఆఫీసులో ఇచ్చి రండి.